లేదు సార్, కల్లే

"తాగుడు అలవాటుందా?" అని అడిగాడు డాక్టరు.

"లేదు సార్, కల్లే" అన్నాడు మా మామ.

2021 జనవరిలో ఒక ఎముకల డాక్టరు గదిలో, మామ పక్కన స్టూలు మీద కూర్చుని ఈ మాట నా చెవులతో విన్నాను. బీఫార్మసీ చదివి అప్పటికి ఏడేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. మామ తాగే డిపో కల్లులో ఏం కలుపుతారో నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. పెద్దమనిషి, అమ్మకు తమ్ముడు, బయటివాళ్ల ముందు ఆయన పరువు ఎందుకు తీయాలని ఊరుకున్నాను. డాక్టరు తలూపి చీటీ రాసిచ్చాడు. ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన గోలీ మూడు పూటలా, రాత్రికి నరాల నొప్పి తగ్గించే ప్రెగాబాలిన్. ఆ గోలీలు నా షాపులోంచే ఇచ్చాను. రిజిస్టర్లో ఆయన పేరు నా చేత్తోనే రాశాను.

నాలుగో రాత్రి ఒంటిగంటకు అత్త ఫోన్ చేసింది. "బిడ్డా, మీ మామ గురక పెడుతుండు, మధ్యల ఆగుతుంది. లేపితే లేస్తలేడు." ఫోన్ మంచం దగ్గర పెట్టమన్నాను. గురక వినిపించింది. ఆగింది. నేను మనసులో అంకెలు లెక్కపెట్టాను. పదకొండు దాకా వెళ్లాక మళ్లీ గరగరమంటూ ఊపిరి వచ్చింది. పక్కకు తిప్పి పడుకోబెట్టమని చెప్పి 108కి ఫోన్ చేశాను. ఆ పదకొండు అంకెలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

మామ బతికాడు. ఆ రాత్రి జరిగిందేమిటో ఇప్పుడు చెప్పడం సులువు. సాయంత్రం డిపోలో మూడు సీసాలు తాగొచ్చాడు. నడుము, కాళ్లు మరీ సలుపుతుంటే ఒక గోలీ బదులు రెండు వేసుకున్నాడు. కామారెడ్డి, నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు మనుషులకు చెప్పనక్కర్లేదు, చెట్టు నుంచి దింపిన కల్లు వేరు, డిపోలో దొరికే మందు కల్లు వేరు. రెండోదాంట్లో అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. అంటే మామ రోజూ సాయంత్రం నిద్రమాత్రలు తాగుతున్నాడు, ఎంత మోతాదో ఎవరికీ తెలియకుండా. దాని మీద ట్రమడాల్ అనే ఓపియాయిడ్, అంటే నల్లమందు తరహాలో పనిచేసే నొప్పి మందు, దాని మీద ప్రెగాబాలిన్. మూడూ మెదడులో ఊపిరిని నడిపే చోటును నెమ్మది చేసేవే. ఓపియాయిడ్లు, నిద్రమాత్రలు కలిపి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లోనే వాటి సమాచార పత్రాల్లో అన్నిటికన్నా గట్టి హెచ్చరిక వేయించింది. ప్రెగాబాలిన్ జాతి మందులతోనూ ఊపిరికి ప్రమాదం ఉందని 2019 డిసెంబరులో హెచ్చరించింది. డాక్టరుకు ఇవన్నీ తెలియక కాదు. ఆయన అడిగిన ప్రశ్నలో కల్లు లేదు, మామ దృష్టిలో కల్లు తాగుడు కాదు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. తెలిసీ ఊరుకున్నది నేనొక్కదాన్నే.

మన భాషలో మందు అంటే రోగం తగ్గించేదీ మందే, సీసాలోదీ మందే. మామ మటుకు ఈ రెంటిలో దేనిలోనూ కల్లును కలపడు. ఆయన గీత కార్మికుడు. పదిహేడేళ్లప్పటి నుంచి చెట్టెక్కడానికి కట్టుకునే మోకు, ముస్తాదు భుజాన వేసుకుని చెట్లెక్కినవాడు. తెల్లారి దించిన కల్లు ఇంటిల్లిపాదికీ గిన్నెల్లో పోసి ఇచ్చేవాడు, చలవ చేస్తుందని. "నువ్వు తాగుబోతువా?" అని అడిగితే ఆ మనిషి ఎలా ఒప్పుకుంటాడు?

2016 ఎండాకాలంలో తాటిచెట్టు మీంచి పడ్డాడు. పీఠభాగం నేలకు తగిలింది. నడుము పైభాగంలో వెన్నుపూస ఒకటి నలిగిపోయింది. రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేశారు. నడక వచ్చింది గానీ నరాల నొప్పి ఉండిపోయింది. తుంటి నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టు, రాత్రయితే అరికాళ్ల కింద నిప్పులు పోసినట్టు. (గీత కార్మికులు చెట్టు మీంచి పడకుండా కాపాడే ప్రభుత్వ కాటమయ్య రక్షణ కిట్లు 2024 జూలైలో వచ్చాయి. మామ పడిన ఎనిమిదేళ్లకు. ఆ వార్త చదివిన రోజు నేను ఏడ్చాను.) చెట్టెక్కలేని గీత కార్మికుడికి ఊళ్లో చేయడానికేం ఉంటుంది? తోటివాళ్లు కూర్చునే చోట కూర్చునేవాడు. అది డిపో. అక్కడ మూడు సీసాలు తాగితే రాత్రి నాలుగు గంటలు నిద్ర పట్టేది. మేమెవరం, ఏ డాక్టరం, ఆయనకు అంతకుముందు నాలుగు గంటల నిద్ర ఇవ్వలేకపోయాం. అది ఇచ్చింది డిపో.

ఈ వాక్యం దగ్గర కొంతమంది నాతో వాదిస్తారు. తాగుడును వెనకేసుకొస్తున్నావంటారు. లేదు. తాగుడు వల్ల నాశనమైన ఇళ్లు నా షాపు ముందు నుంచి రోజూ నడిచి వెళ్తుంటాయి. నేను చెప్పేది ఒకటే. నొప్పి నిజం, వ్యసనం నిజం, రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి. ఒకదాన్ని చూసి రెండోదాన్ని వదిలేస్తే ఆ మనిషి పోతాడు. నేను దాదాపు పోగొట్టుకున్నాను, అదీ రెండుసార్లు.

రెండోసారి సంగతి ఇది. ఆ రాత్రి తర్వాత మామ ఆసుపత్రి కాగితం మీద తాగుడు వ్యసనపరుడని రాశారు. రాయడం తప్పు కాదు, రాయాల్సిందే. కానీ ఆ తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చూసేవాళ్లు. నొప్పి గురించి అడిగే గొంతు అక్కడితో మారిపోయేది. ఒకాయన గోలీల కోసం నాటకాలాడకు అన్నాడు, నా ముందే. ఇంకొకాయన మర్యాదగానే చెప్పాడు: "ముందు పూర్తిగా మానేసి రా, అప్పుడు నొప్పి సంగతి చూద్దాం." మామకు రోషం వచ్చింది. ఆ సాయంత్రమే మానేశాడు. ఒక్క చుక్క ముట్టలేదు. రెండో రోజుకు చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట. నొప్పి ఎప్పటికన్నా ఎక్కువైంది. మత్తు అలవాటైన ఒంట్లోంచి మత్తు ఒక్కసారిగా పోతే నొప్పి నరాలు మామూలుకన్నా ఎక్కువ అరుస్తాయని నాకు పుస్తకంలో తెలుసు, కళ్లతో చూడటం అదే మొదలు. మూడో రోజు గోడ మీద చీమలు పాకుతున్నాయని తుడవడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు పొద్దున ఫిట్స్ వచ్చాయి. పళ్ల మధ్య నాలుక తెగింది.

నిద్రమాత్రలకు అలవాటుపడినవాళ్లు ఉన్నపళంగా మానకూడదు. మానితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమూ పోవచ్చు. ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కూడా కాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, కల్లు దొరక్క పిచ్చి చూపులతో, వణుకుతో జనం నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకూ హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికీ వందల్లో వచ్చారు. అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగితే వచ్చే ఈ విత్‌డ్రాయల్‌లో జిల్లా జిల్లానే ఒకేసారి పడటం చూసిన రాష్ట్రం ఇది. ఇక్కడ డాక్టరైనా, నర్సైనా, నాలాంటి మందుల షాపు మనిషైనా "ముందు మానేసి రా" అనే మాట ఎలా అనగలం?

మరి గోలీలు ఇచ్చేయమంటారా అని అడుగుతారు. అడగాలి కూడా. ఆ భయానికి కారణం ఉంది. అమెరికాలో 1980లో ఒక వైద్య పత్రికలో ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆసుపత్రిలో మత్తు మందులు తీసుకున్న 11,882 మందిలో వ్యసనం కనిపించింది నలుగురికేనని అందులో ఉంది. ఆసుపత్రి మంచం మీద నాలుగు రోజులు మందు తీసుకున్నవాళ్ల లెక్క అది. దాన్ని ఇంట్లో ఏళ్ల తరబడి వాడేవాళ్లకు కూడా చెల్లుతుందన్నట్టు ఊరూరా చెప్పారు. 1996లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ గోలీ బజారుకొచ్చింది, దాని వెనక వచ్చిన చావులు లోకమంతా చూసింది. 2016లో అక్కడి ప్రభుత్వం ఈ మందులు ఇవ్వడం మీద డాక్టర్లకు జాగ్రత్తలు రాసింది. చాలామంది డాక్టర్లు ఆ కాగితాన్ని కర్రలా పట్టుకుని, ఏళ్లుగా వాడుతున్నవాళ్లకు ఒక్కసారిగా మందు కోసేశారు. కొందరు నొప్పి భరించలేక ప్రాణాలు తీసుకున్నారు, కొందరు వీధి మందుకు మళ్లారు. 2019లో అలా ఉన్నపళంగా ఆపొద్దని వాళ్ల మందుల నియంత్రణ సంస్థే హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో ఆ జాగ్రత్తలనే మెత్తబరిచి తిరగరాశారు. ఇబ్బడిముబ్బడిగా ఇవ్వడం, కళ్లు మూసుకుని ఆపేయడం, రెండూ చేసి చూసిన దేశం అది. వాళ్లు రెండుసార్లు దెబ్బ తిని నేర్చుకున్నది మనం వాళ్ల దగ్గర ఊరికే నేర్చుకోవచ్చు.

మన దగ్గర కథ తిరగబడి ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో క్యాన్సర్ రోగికి కూడా మార్ఫిన్ దొరకని రోజులు ఏళ్ల తరబడి నడిచాయి. 2014 సవరణ దాకా ఆ ముడి సడలలేదు. అదే సమయంలో ట్రమడాల్ ఎక్కడపడితే అక్కడ దొరికేది. 2018లో దాన్నీ ఆ చట్టం కిందికి తెచ్చారు. అంతకుముందు చీటీ పాతదైనా, చిరిగినదైనా నేనూ ఇచ్చాను, నా చుట్టుపక్కల అందరూ ఇచ్చారు. ఆ తప్పు నాది.

ఇక ఊళ్లల్లో ఆర్‌ఎంపీ సూది ఉండనే ఉంది. నడుం నొప్పని వెళ్తే డైక్లోఫెనాక్ ఒకటి, డెక్సామెథాసోన్ ఒకటి కలిపి పొడుస్తారు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు మళ్లీ వెళ్తారు. తాగేవాళ్ల కడుపులో డైక్లోఫెనాక్ పుండు చేస్తుంది, రక్తం కారుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. తుంటి కీలులో బంతిలాంటి ఎముకకు రక్తం అందక అది చచ్చిపోయే జబ్బుకు పెద్ద కారణాలు రెండు చెప్పమంటే ఏ ఎముకల డాక్టరైనా చెప్పేవి స్టెరాయిడ్లు, మద్యం. మనం తాగే మనిషికి నొప్పి తగ్గించడానికి ఇస్తున్నది అదే సూది. నా షాపుకొచ్చే ఆటో డ్రైవరు ఒకతను, ముప్పై ఆరేళ్లు, ఇప్పుడు రెండు చంకల కింద కర్రలతో వస్తాడు.

ఫిట్స్ తర్వాత మామను ఒక ప్రభుత్వ ఆసుపత్రి డీ-అడిక్షన్ వార్డుకు తీసుకెళ్లాం. మద్యానికి బానిసైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స దాకా వెళ్తున్నారని 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. మామ ఆ ఒక్కడు కావడానికి నాలుక తెగాల్సి వచ్చింది. అక్కడ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కాగితం చూసి పక్కన పెట్టింది. ఆమె అడిగిన ప్రశ్నలు వరసగా నాకు గుర్తున్నాయి.

"ఏ డిపో కల్లు తాగుతవ్ పెద్దనాయనా? చెట్టుదా, మందుదా? రోజుకెన్ని సీసలు? పొద్దుగాల తాగకపోతే ఎంతసేపటికి చేతులు వణుకుతయి? మొన్న ఆఖరి సీస ఎన్ని గంటలకు తాగినవ్?"

మామ నా వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. అన్నీ చెప్పాడు. పొద్దున ఒకటి, సాయంత్రం మూడు, సంక్రాంతి నాడు ఎన్నో లెక్కలేదు. ఆ చీటీ రాసిన డాక్టరుకు తెలియనివి, అత్తకు తెలియనివి, నేను తెలిసీ మింగినవి, పది నిమిషాల్లో బయటికొచ్చాయి. ఆమె ఎక్కడా మొహం చిట్లించలేదు. చివరికి ఇంకొకటి అడిగింది: "నొప్పి కొంచెం తగ్గితే ఏం పని చేయాలని ఉంది నీకు?"

"కింద కూసోని బర్రె పాలు పిండాలె" అన్నాడు మామ. ఐదేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు, నేను కూడా.

చికిత్సకు అదే గురి పెట్టింది. నొప్పి సున్నా అవుతుందని మాట ఇవ్వలేదు. లివర్ పరీక్షలు చూశాక డైజీపాం మొదలుపెట్టింది. తాగి తాగి చిక్కిన ఒంటికి థయమిన్ (బి1 విటమిన్) సూదులు ఇచ్చింది. కల్లులోని మత్తుకు సరిపోయే మోతాదు కట్టి, దాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చింది. పూర్తిగా ఆపడానికి ఐదు నెలలు పట్టింది. ట్రమడాల్ తీసేసింది, అది ఫిట్స్‌ను ఇంకా ఎగదోస్తుంది కాబట్టి. పారాసిటమాల్ రోజుకు రెండు గ్రాములు దాటొద్దంది. మామూలు మనిషికి నాలుగు గ్రాముల దాకా చెల్లేది, తాగే మనిషి లివరుకు చెల్లదు. నరాల నొప్పికి ప్రెగాబాలిన్ కావాలి, కానీ మత్తు ఇంకా ఒంట్లో ఉండగా వద్దంది. డైజీపాం బాగా తగ్గాక చిన్న మోతాదుతో రాత్రిపూట మొదలుపెట్టింది. ఎముకల డాక్టరుకు ఆమే ఫోన్ చేసి మాట్లాడింది. ఇది నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు, మత్తు డాక్టరు ఎముకల డాక్టరుకు ఫోన్ చేయడం. ఫిజియోథెరపీ అబ్బాయి వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచే వ్యాయామాలు నేర్పాడు. మామ వాటిని చేయలేనని మొదటి నెల అంతా తిట్టాడు, రెండో నెల నుంచి చేశాడు.

గోలీలు వారానికి సరిపడా మాత్రమే, నా షాపులోంచే. ఒకే డాక్టరు చీటీ, ఒకే షాపు, ఒకే నోటుబుక్కు. డైజీపాం ఉన్న డబ్బా తాళం అత్త కొంగుకు. ఇది అవమానమని మామ మొదట అలిగాడు. "చెట్టెక్కేటప్పుడు ముస్తాదు కట్టుకునేది భయపడి కాదు గద పెద్దనాయనా" అంది డాక్టరమ్మ. ఆ మాట మామకు తగిలింది.

దసరాకు తాగాడు. తాగినట్టు మరునాడు తనే ఫోన్ చేసి చెప్పాడు. ఆమె తిట్టలేదు, చికిత్స ఆపలేదు. తాగిన రాత్రి ప్రెగాబాలిన్ వేసుకోవద్దని, మరునాటి నుంచి మామూలేనని చెప్పింది. ఒక తప్పుకు చికిత్స నుంచి వెళ్లగొడితే వాడు తర్వాతి తప్పు దాచుకుంటాడు. దాచుకున్న తప్పు మీద గోలీ పడితే నేను ఫోన్లో విన్న ఆ గురక మళ్లీ వస్తుంది. నాకు క్షమ గొప్పదనిపించి ఈ పద్ధతిని మెచ్చుకోవడం లేదు. ఊపిరి ఆగకుండా ఉండాలంటే ఇదే దారి కాబట్టి మెచ్చుకుంటున్నాను.

ట్రమడాల్, ఇంజెక్షన్లు, హెరాయిన్ లాంటి వాటికి అలవాటుపడినవాళ్ల సంగతి ఇంకా చిక్కు. వాళ్లకు ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ వ్యసనానికి రోజుకొకసారి సరిపోతుంది, నొప్పి మీద మాత్రం ఆరు నుంచి ఎనిమిది గంటలే పనిచేస్తుంది. అదే మోతాదును మూడు నాలుగు పూటలకు పంచితే రెండూ అదుపులో ఉంటాయి. ఆపరేషన్ ఉందని దాన్ని ఆపించడం పాత అలవాటు, ఇప్పుడు కొనసాగించమంటున్నారు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే నాల్ట్రెక్సోన్ గోలీ అయితే ఓపియాయిడ్ నొప్పి మందుల్ని పనే చేయనివ్వదు. ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు ఆపాలి, డాక్టరుతో చెప్పి. కాలు విరిగి క్యాజువాలిటీకి వచ్చిన మనిషి ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడితే, మందు ఎంత ఎక్కించినా నొప్పి ఎందుకు తగ్గడం లేదో అక్కడ ఎవరికీ అర్థం కాదు. చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వస్తున్నాను, చెప్పుకోగలగడం దగ్గరికి.

అందుకే ఇది చదివే డాక్టర్లను చేతులెత్తి అడుగుతున్నాను. "తాగుతావా?" అని ఆపకండి. కల్లు అని విడిగా అడగండి, ఏ కల్లో అడగండి. నిద్రకు ఏమైనా వేసుకుంటావా, ఎవరిచ్చారని అడగండి. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చనిపోయిన తర్వాత కూడా హైదరాబాదు ఆసుపత్రుల్లో ఈ ప్రశ్న లేకపోతే ఎలా? మందుల షాపు వాళ్లను అడుగుతున్నాను. మనం నలుగురి ముందు "నీకియ్యం పో" అని అరిచిన మనిషి నొప్పి మానుకుని ఇంటికి పోడు, ఇంకో షాపుకో డిపోకో పోతాడు. పక్కకు పిలిచి మాట్లాడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇంట్లోవాళ్లను అడుగుతున్నాను, మీ మనిషి పరువు కోసం డాక్టరు గదిలో నాలాగా నోరు కట్టేసుకోకండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ టెలీ మానస్ నంబరు అది, తెలుగులో మాట్లాడతారు.

మామకు ఇప్పుడూ నొప్పి ఉంది. వానాకాలం ఎక్కువ, ఎండాకాలం తక్కువ. బర్రె పాలు కింద కూర్చుని పిండలేడు. అత్త చిన్న పీట చేయించింది, దాని మీద కూర్చుని పిండుతాడు.

ప్రతి సోమవారం పదిన్నర బస్సుకు షాపుకొస్తాడు. ఖాళీ అయిన గోలీల పట్టీ బల్ల మీద పెడతాడు, నేను లెక్క చూసుకుని కొత్తది ఇస్తాను. పోయిన సోమవారం పట్టీలో ఒక గోలీ మిగిలి ఉంది.

"ఇదేంది మామా?"

"శనివారం పెండ్లిల అర సీస తాగిన బిడ్డా. అందుకే ఆ రాత్రిది ఏసుకోలే."

నోటుబుక్కు తీసి శనివారం పక్కన అర సీసా అని రాశాను. ఆయన వంగి నేను సరిగ్గా రాశానో లేదో చూసుకున్నాడు.